మరక పడ్డ సంతకం

మా మోంటానా రాష్ట్రంలో సెనేటర్ ట్రస్క్‌గారి ఉత్తరం వస్తే జనం ముందు చదవరు, సంతకం దగ్గర మరక ఉందా అని చూస్తారు. ఆయనది ఎడమచేతి వాటం. రాస్తుంటే చెయ్యి తడి సిరా మీద పాకుతుంది. ఆఫీసులో ఆయన బదులు సంతకాలు గీసే యంత్రానికి చెయ్యి లేదు కాబట్టి మరకా ఉండదు.

ముప్పై ఆరేళ్లుగా ఆయన సెనేటర్. ముప్పై ఒక్కేళ్లుగా ఆయన ఉత్తరాలు చూసేది నేను. ఈ మధ్య ఆయన గది తలుపు పొద్దస్తమానం మూసే ఉంటోంది. సంతకాల ఫైలు ఆఫీసు పెద్ద పెల్కీయే లోపలికి పట్టుకెళ్తున్నాడు. శుక్రవారం ఏడోసారి పోటీ ప్రకటన. వీడే సంతకాలు గిలికేస్తున్నాడని నా అనుమానం.

"సార్ చదివే పెడుతున్నారా సంతకాలు?" అని నిలదీశాను.

"నీ పని నువ్వు చూసుకో వెర్నా," అన్నాడు నా మొహం చూడకుండా.

నాకు ఒళ్లు మండింది. తొంభై నిండిన ఓటర్లకు పంపే పుట్టినరోజు శుభాకాంక్షల ఉత్తరాల్లో రోస్కో ట్రస్క్ పేరున ఒకటి కలిపేశాను. రోస్కో సెనేటర్‌గారి అన్న. ఆయన ఊ అంటే తప్ప తమ్ముడు ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. రోస్కో పోయి నాలుగేళ్లయింది. సమాధి మీద పెట్టిన పూలు నేనే కొన్నాను. సెనేటర్‌గారి కంట పడితే నా ఉద్యోగం ఊడుతుంది, పడకపోతే పెల్కీ బండారం బయటపడుతుంది.

గురువారం ఫైలు తిరిగొచ్చింది. ఆ ఉత్తరం మీద సంతకం ఉంది. దొరికాడు దొంగ అనుకున్నాను. అంతలో కింద చేత్తో రాసిన లైను కనిపించింది.

"అన్నయ్యా, ఆదివారం వాగు దగ్గర కలుద్దాం. ఎరలు నువ్వే తేవాలి."

అక్షరాల పొడవునా ఎడమచేతి మరక.

ఆ ఉత్తరం పట్టుకుని లేచాను. పెల్కీ అడ్డమొస్తున్నా తోసుకుని లోపలికెళ్లాను.

"అది ఇంకా పోస్టు చెయ్యలేదా వెర్నా? అన్నయ్య ఎదురుచూస్తుంటాడు," అన్నారు సెనేటర్‌గారు. ఆ మొహంలో సంతోషం చూసి ఏడుపొచ్చింది. నిజం చెప్పి ఆయన అన్నను మళ్లీ చంపలేకపోయాను.

"ఫోన్లో మాట్లాడాను సార్. ఈసారి నిలబడొద్దన్నారు."

"ఎవరు, రోస్కోనా?"

"ఆయనే."

తలుపు దగ్గర పెల్కీ మొహం పాలిపోయింది. సెనేటర్‌గారు ముందున్న పోటీ ప్రకటన కాగితం పక్కకు నెట్టారు.

"అన్నయ్య వద్దన్నాక ఇంకేముంది," అని కలానికి మూత పెట్టేశారు.