ఇరవై రెండు నిమిషాల పట్టు

నేను ఒక క్లాంపును. చిటికెన వేలంత ఉక్కు ముక్కను. కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని నలగకుండా నొక్కి పట్టడం నా పని. జలంధర్‌లో తయారుచేసి నన్ను విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రికి పంపారు. స్ప్రింగు వదులై, ఇప్పుడు పాత పనిముట్ల డబ్బాలో పడి ఉన్నాను. నేను కాపాడిన మనుషులెవరూ నన్ను చూడలేదు. అప్పుడు వాళ్ళు మత్తులో ఉంటారు.

బమ్మిడి దాలమ్మను మాత్రం మరిచిపోలేను. పలాసలో జీడిపిక్కలు కొట్టేది. పిక్కల నుంచి కారే జీడి రసానికి చేతులు నల్లబడిపోయాయి. ఒక కిడ్నీ రాళ్ళతో ఎప్పుడో ముడుచుకుపోయింది. పనిచేసే రెండోదానిలో నిమ్మకాయంత క్యాన్సర్ గడ్డ.

మత్తు ఇచ్చే ముందు సర్జన్ మృణాళిని గారు మరోసారి అడిగారు.

"మొత్తం తీసేస్తే జబ్బు తిరిగొచ్చే భయం తక్కువ దాలమ్మా. కానీ బతికినన్నాళ్ళూ డయాలసిస్. గడ్డ వరకే తీస్తే కిడ్నీ మిగులుతుంది, జబ్బు మళ్ళీ రావచ్చు."

"మా సెల్లికి కళ్ళు అగుపడవు తల్లీ. వారానికి మూడుమాట్లు నాను ఆస్పత్రిలో తొంగుంటే దానికి గంజి ఎవులు కాస్తారు? గడ్డ మట్టుకే తీసెయ్."

నేను నాళాన్ని పట్టాను. కిడ్నీ పాలిపోయింది. చుట్టూ కాస్త మంచి కండతో కలిపి గడ్డను కోశారు, కుట్లు వేశారు. నర్సు పద్మలత నిమిషాలు పైకి లెక్కపెడుతోంది. ఆలస్యమైతే రక్తం అందక ఆ కిడ్నీ ఇక కోలుకోదు. ఇరవై రెండో నిమిషంలో నన్ను వదిలించారు. కిడ్నీ మెల్లగా ఎరుపెక్కింది. కోసిన అంచులో క్యాన్సర్ లేదని ల్యాబ్ చెప్పింది.

అయినా వచ్చింది. రెండేళ్ళ తర్వాత, అదే కిడ్నీలో, మరోచోట మూడు గడ్డలు. మృణాళిని గారు తలెత్తలేకపోయారు.

"అప్పుడే మొత్తం తీసేయాల్సింది."

"అలాగనకు తల్లీ. సెల్లి పోయి నాలుగు నెల్లయింది. పోయేదాకా నా సేతి కూడే తిన్నాది. ఇంక తీసెయ్."

ఈసారి నాతో పని పడలేదు. నాళాన్ని ముడివేసి తెంచేశారు. ట్రేలో పడి చూస్తూ ఉండిపోయాను.

తొమ్మిది నెలలకు కబురొచ్చింది. ఆపరేషన్‌కు చేతులు కడుక్కుని వచ్చిన మృణాళిని గారికి పద్మలత చెప్పింది. దాలమ్మ డయాలసిస్ మీదే పోయిందని.

"జబ్బు తిరిగొచ్చిందా?"

"లేదు మేడం. గుండె ఆగింది."

బల్ల మీద మరో రోగి మత్తులో ఉన్నాడు. మృణాళిని గారు కత్తి అందుకున్నారు. మొదటి గీత గీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.