అద్దం కదల్లేదు

డ్రైవరు మెడ కుడివైపు తిరగడం ఎప్పుడు మానేసిందో ఆయనకే తెలియదు. కాస్త కాస్తగా తగ్గుతూ వచ్చింది. తగ్గినంత మేరా ఆయన కుడిపక్క అద్దాన్ని తనవైపు వంచుకుంటూ వచ్చాడు. బస్సు కడిగేవాళ్లు కదిపితే మళ్లీ వెతుక్కోకుండా, భార్య గోళ్ల రంగు తెచ్చి అద్దం ఫ్రేము మీద ఒక చుక్క, దాన్ని పట్టుకున్న కమ్మీ మీద ఒక చుక్క పెట్టాడు. రెండు చుక్కలూ కలిస్తే అద్దం తన చోట ఉన్నట్టు.

కండక్టరు ఆయన బావమరిదే.

"మా అక్క పిలిస్తే మెడ తిప్పవు బావా, మనిషివి మొత్తం తిరుగుతావు. డిపోలో బస్సు తిప్పినట్టు. వెనక నిలబడి 'రానీ, రానీ' అనేవాడొకడు ఉంటే చాలు."

"టిక్కెట్లు కొట్టుకోరా."

ఆ వేళాకోళం సైకిలుతో ఆగింది. స్టాపులోంచి బస్సు తీస్తుంటే, అద్దానికి అందని చోట ఒక సైకిలు ఉంది. కండక్టరు కిటికీలోంచి చూసి ఈల ఊదాడు కాబట్టి సరిపోయింది. సైకిలాయన బస్సు రేకు మీద అరచేత్తో ఒక్కటి కొట్టి వెళ్లిపోయాడు. ఆ చప్పుడు ఇన్‌స్పెక్టరు దాకా పోయింది. నెలాఖరున తానే బస్సెక్కి చూస్తానన్నాడు. భుజం మీదుగా వెనక్కి చూడలేకపోతే స్టీరింగ్ వదిలి షెడ్డులో టైర్ల దగ్గర కూర్చోవాలి.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. అక్కడి డాక్టరే, పట్టేసిన ఒంటిని చేతులతో సరిచేసే ఆస్టియోపాత్ దగ్గరికి పంపాడు.

గది మేడ మీద ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీకి పరదా. ఆస్టియోపాత్ ఆవిడ ఆయన్ని రాగానే బల్ల ఎక్కమనలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగింది. చేతులు తిమ్మిరెక్కుతాయా, కళ్లు తిరుగుతాయా, ఎప్పుడైనా పడ్డారా, ఏం మందులు వేసుకుంటారు. ఆ తర్వాత నిలబడమంది, వంగమంది, ఊపిరి పీల్చి వదలమంది.

"టక్కుమని విరిచేస్తారంటగా?" అన్నాడు డ్రైవరు.

"ఎవరన్నారు?"

"మా బావమరిది."

"ఆయన ఎన్ని మెడలు చూశారేంటి?"

"వాడు చూసేది టిక్కెట్లండి."

"అయితే నా మాట వినండి. ఏం చేసినా ముందు చెప్పి చేస్తాను. వద్దంటే ఆపేస్తాను. రేపూ ఎల్లుండీ కాస్త నొప్పులుంటాయి, కంగారుపడకండి. మూడు నాలుగుసార్లు చూద్దాం. మార్పు లేకపోతే మిమ్మల్ని నా చుట్టూ తిప్పుకోను, మళ్లీ డాక్టరు దగ్గరికే పంపిస్తాను. తప్పకుండా తగ్గుతుందని మాత్రం చెప్పలేను."

ముందు ఆవిడ మెడ జోలికే పోలేదు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద, పక్కటెముకల మీద చేతులు ఉంచింది.

"మెడ ఒక్కటే కాదండీ. కింద వీపు కూడా తిరగడం మానేసింది."

తర్వాత వెల్లకిలా తిరగమని, తల కింద రెండు అరచేతులూ పెట్టింది.

"తల బరువు నాకివ్వండి."

"ఇచ్చానండి."

"ఇవ్వలేదు. ఇంకా మీరే పట్టుకున్నారు."

పరదా లోపలికి ఉబ్బింది, మళ్లీ కిటికీకి అంటుకుంది. ఎక్కడో బస్సు ఆగింది, కదిలింది. అది ఏ నంబరో పోల్చబోయి మరిచిపోయాడు. తల ఎప్పుడు ఇచ్చేశాడో, ఎప్పుడు కునుకు పట్టిందో తెలియలేదు. బస్సు పోతోంది. స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు. రోడ్డు బస్సు కిందనుంచి కాలవలా పారుతోంది. తాను ప్రయాణికుల మధ్య నిలబడి ఉన్నాడు. అద్దంలో చూసిన ముఖాలే అన్నీ. అద్దం లేకుండా చూస్తున్నాడు. ఒకావిడ జరిగి చోటిచ్చింది. కూర్చున్నాడు. ఎక్కడ దిగాలని ఎవరూ అడగలేదు.

"లేవండి, నెమ్మదిగా," అంది ఆవిడ.

మర్నాడు ఒళ్లు రుబ్బినట్టుంది. "బాగు చేయించుకోడానికి వెళ్లావా, తన్నించుకోడానికి వెళ్లావా?" అన్నాడు బావమరిది. డ్రైవరు మళ్లీ వెళ్లాడు. ఆవిడ నేర్పినట్టు రోజూ మంచం అంచున కూర్చుని, చేతులు కట్టుకుని, నడుము పైభాగం అటూ ఇటూ తిప్పాడు. మూడోసారి వెళ్లొచ్చాక కూడా మెడ పూర్తిగా తిరగలేదు. ఇన్‌స్పెక్టరు పరీక్ష మర్నాడే.

పొద్దున బస్సెక్కి సీట్లో కూర్చున్నాడు. కుడి అద్దంలో రోడ్డు లేదు. బస్సు రేకు, దానిపైన మబ్బు ఉన్నాయి.

"ఎవడ్రా నా అద్దం ముట్టుకుంది?"

"నీ అద్దం ముట్టుకునే మొనగాడు ఈ డిపోలో ఎవడున్నాడు బావా?" కండక్టరు కిందికి దిగి చూశాడు. "చుక్కలు కలిసే ఉన్నాయి."

డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. నిజమే. చుక్క మీద చుక్క ఉంది. అద్దం కదల్లేదు.

తల లోపలికి తీసుకున్నాడు. వీపు సీటుకి ఆనుకుని ఉందని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. ఆ ఒరుగుకి సరిపడా పెట్టిన అద్దం అది. చెయ్యి చాచి దాన్ని బయటికి తోశాడు. చుక్కలు విడిపోయాయి. రోడ్డు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. "తియ్యి," అన్నాడు.

డ్రైవరు అద్దం చూశాడు, తర్వాత తల తిప్పాడు. అది వెళ్లినంత మేర వెళ్లి ఆగింది. మిగతాది వీపు తిరిగింది. భుజం మీదుగా వెనక చక్రం, దాని పక్కన నేల, నేల మీద ఒక సైకిలు కనిపించాయి. ఆగాడు. సైకిలు బస్సు దాటి ముందుకు పోయింది.

ఇన్‌స్పెక్టరు ఆ సైకిల్ని చూశాడు, డ్రైవర్ని చూశాడు. "పోనీ," అన్నాడు.

డ్రైవరు తల ఇంకా వెనక్కే ఉంది. వెనక కిటికీ దగ్గర బావమరిది ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్, నీ జుట్టు ఎప్పుడు నెరిసిందిరా?"

"ఎప్పుడో బావా. నువ్వే ఇటు చూళ్లేదు," అని రెండు ఈలలు ఊదాడు.