పక్కన కూర్చునే దేవత

గాలిదేవుడికి ఒక దయ తక్కువైంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి, ఆ దేవుడి కథ రాసే మనిషి దాన్నే వెతుకుతున్నాడు. నిన్న ఆ దేవుడి చేత వలసవెళ్లే జనంతో నిండిన ఒక ఓడను ముంచేయించాడు. ఇవాళ దానికి సరితూగే మంచి ఒకటి ఎదురు పెట్టాలి. మునిగినవాళ్ల దగ్గరున్న విత్తనాలను గాలి ఎడారికి మోసుకుపోయిందని రాశాడు. చదివి కొట్టేశాడు. తీపి ఎక్కువైంది. కుర్చీలో వెనక్కి వాలి, నడుము కింద దిండు సర్దుకుని, మళ్లీ ముందుకు వంగి రాశాడు: "ఓడలో అంటురోగం ఉందని రేవుకు తెలియదు. గాలికి తెలుసు." ఇది నిలుస్తుంది. మంచీ కాదు, చెడూ కాదు. ఏ వైపు నుంచి చూసినా బేరం కుదిరినట్టే ఉంది.

అతనికి యాభై ఆరేళ్లు. సన్నటి మనిషి. చొక్కా జేబులో రెండు కలాలుంటాయి. ఆ అంతస్తులో కలంతో రాసేవాళ్లెవరూ లేరు, అతనితో సహా. గదిలో నలభై కుర్చీలు, నలభై స్క్రీన్లు, అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. అతని చెవులు మాత్రం ఖాళీ. కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి, వాటి కోసం వెతుకుతూ ఉంటాడు. కుర్రకారంతా పురాణం గారంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అలవాటుగా. ఇప్పుడు జీతం చీటీలో తప్ప అతని అసలు పేరు ఎక్కడా కనిపించదు.

వాళ్లు తయారుచేసేది యుద్ధాల గేము. లక్షల మంది ఆడతారు. అందులో పదకొండు మంది పెద్ద దేవుళ్లు, కొందరు చిన్నవాళ్లు. వాళ్ల కథలు కత్తుల పిడుల మీద, కూలిన గోడల మీద, చచ్చినవాడి సంచిలో దొరికే కాగితాల మీద రెండేసి మూడేసి వాక్యాలుగా కనిపిస్తాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ వాక్యాలు రాసేది అతనే. ఆఫీసులో ఒకే సూత్రం: ఏ దేవుడూ పూర్తిగా మంచివాడు కాకూడదు, పూర్తిగా చెడ్డవాడు కాకూడదు. మంచిదేవుడికి దండం పెట్టి వెళ్లిపోతారు, చెడ్డదేవుణ్ణి నరికి వెళ్లిపోతారు. ఎటూ తేలనివాడి దగ్గరే జనం ఆగుతారు, వాదించుకుంటారు, మర్నాడు మళ్లీ వస్తారు. గిరాకీ అక్కడుంది. అందుకని ప్రతి దేవుడికీ ఒక పత్రం, పత్రంలో నాలుగు గడులు: శక్తి, దయ, స్వార్థం, తప్పు. గడి ఖాళీగా ఉంటే పత్రం ముందుకు కదలదు. మంగళవారం మంగళవారం మీటింగు పెట్టి, ఏ దేవుణ్ణి ఎంతమంది మెచ్చారో, ఎంతమంది తిట్టారో చూస్తారు. ఆ మీటింగుకి తూకం అని పేరు. ఎక్కువ మెచ్చినవాడికి ఒక తప్పు కలుపుతారు, ఎక్కువ తిట్లు తిన్నవాడికి ఒక దయ.

ఈ పనిలో అతను దిట్ట. ఎవరికెంత పాపం పడుతుందో కంటితో చూసి చెప్పగలడు.

"పురాణం గారూ, ఒక్క నిమిషం."

టీమ్ లీడ్ వచ్చి పక్కన నిలబడింది. ముప్పై ఏళ్ల పిల్ల. ఎవరినీ నొప్పించదు, ఎవరికీ లొంగదు. చేతిలో ఒక పత్రం ముద్రించి తెచ్చింది. కాగితం మీద ముద్రించి తెచ్చిందంటేనే విషయం పెద్దదని అతనికి అర్థమైంది.

"ఇది చూడండి. స్వార్థం దగ్గర గీత. తప్పు దగ్గర గీత. మూడేళ్లుగా ఇలాగే ఉంది."

అతను కళ్లద్దాలు దించుకున్నాడు. చూడక్కర్లేదు. ఏ పత్రమో తెలుసు.

అది పక్కన కూర్చునే దేవత పత్రం. ఆమెకు ఆయుధం లేదు, గుడి లేదు, భక్తులు లేరు. గేములో ఎవరైనా దెబ్బతిని పడిపోతే, స్క్రీను చీకటి అయ్యేలోపు బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒక ఆడమనిషి వచ్చి పక్కన కూర్చుంటుంది. నాలుగు సెకన్లు. మాటేదీ వినిపించదు, ఏమీ చేయదు. అంతే. శక్తి గడిలో 'లేదు' అని, దయ గడిలో 'కూర్చుంటుంది' అని రాసి, మిగతా రెండింటిలో తర్వాత చూద్దామని చిన్న గీతలు గీశాడు. గడి ఖాళీగా ఉందా లేదా అన్నదే యంత్రం చూస్తుంది. గీత ఉంటే నిండినట్టే. పత్రం దాటిపోయింది. తర్వాత ఎన్నోసార్లు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నింపలేదు.

పక్క కుర్చీలో బొమ్మలు గీసే లావాటి మనిషి తొంగిచూశాడు. "అబ్బో, మీ దేవత ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులా ఉంది పురాణం గారూ! ఒక్క మచ్చ లేదు. ఎవరు నమ్ముతారు?"

"నమ్ముతున్నారు, అదే గొడవ," అంది టీమ్ లీడ్. "నూటికి తొంభై రెండు మంది మెచ్చుకున్నారు. అమ్మ అని పిలుస్తున్నారట. కావాలని వెళ్లి దెబ్బలు తిని పడిపోతున్నారు సర్, ఆవిడ కూర్చుంటుందని. ఇంక యుద్ధమెవరు చేస్తారు?"

"చిన్న దేవతేగా. వదిలేస్తే ఏం పోయింది?" అంటూ అతను కాగితం తిరిగిచ్చాడు.

"పైవాళ్లు పట్టుకున్నారు. సాయంత్రం ఐదుకి ఈ భాగం మూసేస్తారు, తర్వాత ఏమీ మార్చలేం. ఆలోపు ఒక్క తప్పు రాయండి. మీకదెంత పని?"

"రాయకపోతే?"

ఆమె గొంతు తగ్గించింది. "యంత్రం చేత రాయించారు సర్, నిన్న. పోయేవాళ్ల ప్రాణం పీల్చుకుని బతుకుతుందట. అందుకే వచ్చి కూర్చుంటుందట. నేనే ఆపాను, మీరు రాస్తారని చెప్పి."

ఆమె వెళ్లిపోయాక అతను గంటన్నర కూర్చున్నాడు. ఒక తప్పు రాశాడు: ఆమె శత్రువుల పక్కన కూర్చోదని. అబద్ధం, అందరి పక్కనా కూర్చుంటుంది. ఇంకోటి రాశాడు: బతకాల్సినవాణ్ణి కూడా లేవనివ్వదని. అది యంత్రం రాసినదానికి చెల్లెలు. ఏ నింద వేసినా ఆమె మీద అతకడం లేదు. పద్దెనిమిదేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఎందుకో కూడా అతనికి తెలుసు. ఆ శాలువా, ఆ వంగిన భుజాలు, మోకాళ్ల మీద చేతులు బోర్లించి కూర్చునే తీరు, అన్నీ అక్కవి. తొమ్మిదేళ్లు పెద్దదైన అక్క అమ్మ మంచం పక్కన రెండు నెలలు అలాగే కూర్చుంది.

అక్క తప్పొకటి అతనికి తెలుసు.

పదకొండేళ్ల కిందట ఇల్లు మారుతుండగా అక్క పెట్టెలో, చీరల మడతల మధ్య, ఒక కవరు కనిపించింది. పైన వేరే ఊళ్లో ఉండే అన్నయ్య చిరునామా, అక్క దస్తూరి, అంటించిన స్టాంపు. లోపల అమ్మ చెప్పగా రాసిన మూడు ముక్కలు: ఒకసారి వచ్చి కనిపించి వెళ్లు నాయనా. పోస్టు ముద్ర లేదు. అంతకు చాలా ఏళ్ల ముందు, అమ్మ పోయిన నాలుగో రోజుకి కబురు తెలిసి అన్నయ్య వచ్చాడు. ముందే తెలియజేయలేదేమని గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. ఉత్తరం రాశాంగా, అందలేదేమో అంది అక్క. కవరును అతను మడతల్లోనే పెట్టేశాడు. అడిగితే అక్క తనకి లేకుండా పోతుంది, అడగకపోతే పోయేదేమీ లేదు. అలా లెక్కేసుకుని ఊరుకున్నాడు. ఆరేళ్ల కిందట అన్నయ్య కూడా పోయాడు. ఇక ఆ సంగతి అడిగేవాళ్లే లేరు.

మధ్యాహ్నం ఇంటికి నడిచాడు. పావుగంట దారి, మూడో అంతస్తు. వెనక గదిలో కిటికీ పక్క మంచం మీద నాలుగు నెలలుగా అక్క. డాక్టరు ఈమధ్య వారాల్లో మాట్లాడటం మానేసి రోజుల్లో మాట్లాడుతున్నాడు. అతని భార్య చెంచాతో పాలు పడుతోంది. అతన్ని చూసి గిన్నె పట్టుకుని లేచింది.

"నాలుగు చెంచాలు తాగింది వదిన. మీరు కూర్చోండి, నేనీ బట్టలు ఆరేసొస్తా."

అక్క కళ్లు తెరిచింది. "ఏరా, ఇవాళ ఏ దేవుణ్ణి పాడుచేశావు?"

"గాలిని."

"పాపం. బాగానే ఉండేవాడుగా."

అతను నవ్వాడు. మంచం అంచున కూర్చున్నాడు. ఎన్ని రకాలుగా మొదలుపెట్టాలో ఆలోచించి చివరికి ఉన్నదున్నట్టు అడిగాడు.

"అక్కా, అన్నయ్యకి రాసిన ఉత్తరం నువ్వు పోస్టు చెయ్యలేదు కదూ?"

ఆమె కిటికీ వైపు చూసింది. "చూశావా?"

"పదకొండేళ్లయింది."

"అప్పుడే అడగకపోయావా, నోట్లో పళ్లున్నప్పుడు. గట్టిగా అబద్ధం చెప్పేదాన్ని." ఊపిరి తీసుకుంది. మాటకీ మాటకీ మధ్య చాలా సమయం పట్టింది. "రెండు నెలలు ఒళ్లు తుడిచాను రా. పక్క మార్చాను. కళ్లు తెరిస్తే వాడి పేరే. వాడొచ్చాడా, వాడొచ్చాడా. దారిలో ఉన్నాడమ్మా అనేదాన్ని. ఒక్కసారి నా పేరు పెట్టి పిలుస్తుందేమో అనుకున్నా. వాడొస్తే ఇక పిలవదుగా."

"పిలిచిందా?"

"లేదు."

అతను ఆమె చేయి పట్టుకున్నాడు. ఎముకలు చేతికి తెలుస్తున్నాయి.

"వాడికి చెప్పావా?" అంది.

"చెప్పలేదు."

"మంచి పని చేశావు." మళ్లీ కళ్లు మూసుకుంది. "ఏమో. మంచి పనో కాదో. సాయంత్రం తొందరగా వస్తావా? కాసేపు కూర్చుందువుగాని."

"ఐదింటికి అయిపోతుంది. ఐదున్నరకల్లా ఇక్కడుంటా."

తిరిగి వెళ్లి కూర్చోగానే రాసేశాడు. ఒక్క అక్షరం కొట్టేయలేదు. "పోయేవారు కలవరించిన మనుషులకు ఆమె కబురు పంపదు. దారిలో ఉన్నారని చెబుతుంది. ఒక్కసారి తన పేరు పెట్టి పిలుస్తారేమోనని." రెండు గీతలూ పోయాయి. నాలుగు గడులూ నిండాయి. రాసినదాన్ని చూస్తే దొంగసొమ్ము అమ్ముకున్నట్టు ఉంది, అయినా ఆ మూడో వాక్యం ఉన్నందుకు కొంత తెరిపిగా కూడా ఉంది. చదివినవాళ్లు తిడతారు, తిట్టి ఆగుతారు. ప్రాణం పీల్చేదాని కన్నా ఇది నయం. అక్కకి ఇంతకన్నా మంచి ధర ఎవరూ ఇవ్వరు.

నాలుగున్నరకి టీమ్ లీడ్ వచ్చింది. నిలబడే చదివింది. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ చదివింది.

"ఎక్కడ దొరికింది సర్ ఇది మీకు?"

"దొరికింది."

"చాలా బాగుంది. కానీ..." ఆమె వేలు స్క్రీను మీద మూడో వాక్యం దగ్గర ఆగింది. "ఇది తీసెయ్యాలి. కారణం చెప్తే జాలిపడతారు. మళ్లీ తొంభై దాటుతుంది. తూకం రాదు."

"ఆ ఒక్కటీ ఉంచమ్మా."

పద్దెనిమిదేళ్లలో అతను ఏ వాక్యం కోసమూ అడగలేదు. ఆమెకు ఆ సంగతి తెలిసినట్టే ఉంది, ముఖం పక్కకు తిప్పుకుంది.

"నా చేతిలో లేదు సర్."

"అయితే మొత్తం తీసెయ్. గీతలే పెట్టెయ్."

"గీతలు పెడితే ఆ పీల్చేది వస్తుంది. ఏం చెయ్యమంటారు చెప్పండి?"

ఆమె చెరిపే మీట నొక్కింది. మూడో వాక్యం పోయింది. మిగిలిన రెండూ దగ్గరికి జరిగి, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు సర్దుకున్నాయి. కబురు పంపదు, అబద్ధం చెబుతుంది. అంతే మిగిలింది. కారణం లేని తప్పు.

"పైన ఆయన్ని అడిగితే?" అన్నాడు.

"అడగండి. మీ మాట వినొచ్చు. ఐదు దాటినా ఆయనొక్కడే తెరవగలడు."

పై అంతస్తులో కంపెనీ పెద్దాయన గది అద్దాలది. లోపల ఏడుగురు కూర్చుని నవ్వుకుంటున్నారు. బయట నిలబడ్డాడు. ఐదైంది. ఇప్పుడు వెళ్లిపోతే ఆ వాక్యం పోతుంది. ఐదుంబావు అయింది. ఇంకో ఐదు నిమిషాలు చూద్దామనుకున్నాడు. అలా ఐదేసి నిమిషాలు ఎన్నో గడిచాయి. ఇంటికి ఫోను చేస్తే భార్య తీయలేదు. ఆరూ ఇరవైకి తలుపు తెరుచుకుంది. పెద్దాయన చెవి దగ్గర ఫోనుతో బయటికొచ్చాడు. అతన్ని చూడగానే ముఖం వికసించింది. ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"పురాణం గారూ! చూశాను, చూశాను. ఏం రాశారండీ! గుండె ఝల్లుమంది. ఇలాంటివి ఇంకో నాలుగు పడెయ్యండి."

"సర్, అందులో ఒక వాక్యం..."

పెద్దాయన భుజం తట్టి లిఫ్టులోకి వెళ్లిపోయాడు. తలుపులు మూసుకున్నాయి.

ఇంటి మెట్ల దగ్గర పక్కింటివాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. అతను రాగానే జరిగి దారిచ్చారు. ఆ దారివ్వడంలోనే తెలిసిపోయింది. మూడంతస్తులూ మెల్లగా ఎక్కాడు. భార్య గుమ్మంలో ఉంది. చేతిలో ఇంకా పాలప్యాకెట్ ఉంది.

"ఇరవై నిమిషాలండీ. పాలకని దిగాను. ఇరవై నిమిషాలే. వచ్చేసరికి..."

"ఏమైనా అందా?"

"ఐదున్నర అయిందా అని అడిగింది. రెండుసార్లు. కాళ్లు చల్లగా ఉన్నాయంటే, సంచిలో వేడినీళ్లు పోసి పెట్టి అప్పుడు దిగాను. దిగకుండా ఉండాల్సింది."

"నువ్వేం చేస్తావులే."

లోపలికి వెళ్లాడు. కిటికీ ఎవరో మూసేశారు. అక్క ముఖం తలుపు వైపు తిరిగి ఉంది. అతను కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భార్య వచ్చి వెనక నిలబడింది, కాసేపటికి ఎవరికో ఫోను చేయాలని వెళ్లింది. అతను ఒక్కడే మిగిలాడు. దుప్పటి సర్దుదామని వంగి, కాళ్ల దగ్గర కొస ఎత్తాడు.

అక్క రెండు పాదాల మధ్య ఎర్ర రబ్బరు నీళ్లసంచి ఉంది. చేయి వేసి చూశాడు. ఇంకా వేడిగానే ఉంది.