మొదటికి చుట్టిన రీలు

నూట తొంభై ఒకటి, నూట తొంభై రెండు... చీకటి స్నానాలగదిలో ముక్కాలిపీట మీద కూర్చుని, మందునీళ్ల డబ్బా మెల్లగా ఊపుతూ ఆమె లెక్కపెట్టుకుంటోంది. గడియారంతో పనిలేదు. ఆసుపత్రి బట్టల గదిలో చిరిగిన దుప్పట్లకు అతుకులు వేస్తూ ఇరవై ఆరేళ్లు గడిపిన మనిషి. ఆమె ఒంట్లోనే ఒక కుట్టుమిషన్ ఆడుతుంటుంది, నిమిషానికి ఎన్ని కుట్లో దానికి తెలుసు. వెలుతురు రాకుండా తలుపు సందుల్లో కుక్కినవి కూడా ఆ పాత దుప్పటి ముక్కలే. మోకాలు సలుపుతోంది. కాలు చాపితే డబ్బా ఒలికిపోతుందని భయం.

సెలవు ఎందుకని అడిగిన పెద్ద నర్సుతో "ఇంట్లో పనుందమ్మా" అంది. ఆ పనేమిటంటే, పక్కగదిలో అన్నయ్య చనిపోతున్నాడు. వారం, మహా అయితే పది రోజులని డాక్టరు చెప్పి ఎనిమిది రోజులైంది. అన్నయ్య కోరిక ఒక్కటే, ఈ డబ్బాలో ఉన్న రీలు కళ్లారా చూడాలి.

అది బొటనవేలి వెడల్పు ఫిల్ము. కెమెరాలో ఒకసారి తిరిగితే సగం వెడల్పులోనే బొమ్మలు పడతాయి. అప్పుడు రీలు తిప్పిపెట్టి రెండో వైపు తీయాలి. కడిగాక నిలువునా చీల్చి, ఒకదాని వెనక ఒకటి అతికిస్తే నాలుగు నిమిషాల సినిమా. ఒక్కో బొమ్మ చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. దాని కోసం ఐదుగురు పెద్దమనుషులు ప్రతి ఆదివారం సైకిల్ షాపు మేడమీద చేరి ప్రాణాలు పెట్టేస్తుంటే చూడలేక, కింద షాపువాడు వాళ్లకు 'గోరంత సినిమావాళ్లు' అని పేరు పెట్టాడు. వాళ్లు రోషం తెచ్చుకోకపోగా దాన్నే బోర్డు మీద రాయించుకున్నారు.

ఆ సంఘాన్ని మొదలుపెట్టింది అన్నయ్యే. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం, మిగతా పొద్దంతా కెమెరా. పావురాలని తీశాడు, రేకుల మీద వాన తీశాడు, ఎవరెవరి పిల్లలనో తీశాడు. వదిన పక్కన నిలబడి వెలుతురు కొలిచే మీటరు పట్టుకునేది. ముందుకు రమ్మంటే, "నన్నేం తీస్తారు, ఆ పావురాలనే తీసుకోండి" అనేది. ఒక్క మధ్యాహ్నం, ఏ మూడ్‌లో ఉందో ఏమో, డాబా మీద ఎండలో రెండు నిమిషాలు అటూ ఇటూ నడిచింది. ఒక వైపు అయిపోయింది. రెండో వైపుకి ఇంకేదైనా మంచిది దొరికినప్పుడు తీద్దామని అన్నయ్య దాచాడు. నాలుగు నెలలకు వదిన జ్వరంతో పోయింది. ఆమె పక్కన పెట్టదగ్గ మంచిది ఆ తర్వాత అతనికి లోకంలో ఏదీ కనపడలేదు. పంతొమ్మిదేళ్లు ఆ రీలు బీరువాలోనే ఉండిపోయింది.

పోయిన వారం అన్నాడు. "రెండో వైపు ఏదో ఒకటి తీసి పారెయ్ చెల్లీ. నేను తనని చూడాలి."

ఏదో ఒకటి ఎందుకు తీస్తుంది? కిటికీలు బార్లా తెరిచి, ఉన్నవాటిలో తెల్లటి దుప్పటి మంచం మీద పరిచి, అన్నయ్యనే తీసింది. చీల్చి అతికించాక భార్య వెనకే భర్త వస్తాడు కదా అని మురిసింది కూడా.

మందులన్నీ మార్చి, ఫిల్ము కడిగి, వెనక వరండాలో తాడుకి వేలాడదీసింది. ఎండకు పట్టి చూసింది. ఒక సగం ఈ కొస నుంచి ఆ కొస దాకా కటిక నలుపు. రెండో సగం తెలుపు. భూతద్దం పెట్టి చూసింది. మళ్లీ చూసింది. అలాగే గోడకి చేరగిలింది.

పదకొండింటికి ప్రొజెక్టరు మోసుకుంటూ గడియారాలు బాగుచేసే మేస్త్రి వచ్చాడు. సంఘంలో అందరికన్నా చిన్నవాడు, కంటికి అద్దం అంటించుకునే పుట్టాడని మిగతావాళ్లు ఏడిపిస్తారు. ఆ అద్దంతోనే చూశాడు.

"ఒకే వైపు రెండుసార్లు ఆడిందక్కయ్యా. ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దుప్పటి తెలుపుకి ఆవిడ బొమ్మ మొత్తం కాలిపోయింది." అద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఎవడో చేతకాని వెధవ రీలు మొదటికి చుట్టేసి పెట్టాడు. సగం తీసిన రీలు మొదటికి చుట్టొద్దని ఎవరొచ్చినా మొదటిరోజే చెప్తాం కదా!"

చెప్పేది ఆమే. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ వేలు చూపించి మరీ చెప్పేది.

అప్పుడు గుర్తొచ్చింది. వదిన పోయిన కొత్తలో, అన్నయ్యకు వండిపెట్టడానికి పది రోజులకని వచ్చి ఉండిపోయింది. ఆమెకంటూ వెనక్కి వెళ్లడానికి ఇల్లేదీ మిగల్లేదు. భర్త పనిమీద వెళ్లొస్తానని చెప్పి ఎటో వెళ్లిపోయాడు. దిగులు మళ్లిద్దామని అన్నయ్య ఆమెకు ఫిల్ము పని నేర్పడం మొదలుపెట్టాడు. వెలుతురు తగలకుండా నల్లసంచిలోకి చేతులు దూర్చి, తడుముకుంటూ చుట్టాలి. అతను డ్యూటీకి వెళ్లినప్పుడు సాధన చేద్దామని బీరువాలోంచి ఒక డబ్బా తీసింది, ఏ రీలో తెలియక ఈ డబ్బానే. అందులో రెండు చక్రాలు, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా. ఖాళీదాని మీద 'ఒకటి' అని గీకి ఉంది. దారమైతే ఒకటో కండె మీదే కదా ఉండాలి అనుకుంది. సంచిలో, కళ్లు మూసుకుని, ఒక్క చిక్కు పడకుండా దాని మీదకి చుట్టేసింది. కొస విడిపోకుండా లోపలికి మడిచింది. అబ్బ, వచ్చేసింది నాకు! ఆ ఇంట్లో ఆమె మొదటిసారి సంతోషపడిన పూట అది.

"చూపించొద్దక్కయ్యా. ఫిల్ము పాతబడి పాడైందని చెప్దాం" అన్నాడు మేస్త్రి.

"లేదు బాబూ. ఎదురుచూస్తున్నాడు."

బ్లేడు పెట్టెలో ఫిల్ము చీల్చింది. ఏ బొమ్మా పడని నల్ల సగాన్ని వరండాలో వదిలేసింది. చీలిక ఎక్కడా వంకర పోలేదు. పోతే బాగుండునని ఆమెకే అనిపించింది.

మధ్యాహ్నం సంఘంలో మిగిలిన ఇద్దరూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. కర్టెన్లు మూసి, గోడ మీద దుప్పటి కట్టారు. అన్నయ్యకు వీపు కింద మూడు దిండ్లు పెట్టింది. ప్రొజెక్టరు గరగరలాడింది.

అంతా తెలుపు. ఆ తెలుపులో అన్నయ్య ముఖం ఉందో లేదో. మంచం కింద మాత్రం నీడ పడిన చోట ఒక నల్లటి పట్టీ మిగిలింది. వెలుగు సోకని ఆ కాస్త మేరలో చీర అంచు, చెప్పులు, రెండు పాదాలు. అటు నడిచాయి, ఇటు నడిచాయి. ఒకచోట ఆగాయి. ఒక పాదంతో రెండో మడమ గోక్కుంది.

"తనే" అన్నాడు అన్నయ్య. ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు, నలభై ఏళ్లు ఇదే పని చేసినవాడు. "నేనే చుట్టేసి ఉంటాను మొదటికి. ఆ రోజుల్లో నాకు ఒళ్లు తెలిసేది కాదు. ఒక్కసారి, ఒక్కసారి నిలబడింది నా కోసం. అదీ నిలుపుకోలేదు." కన్నీళ్లు చెవుల్లోకి కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు.

కాదన్నయ్యా, నేను. ఆ మాట అనబోయింది. గుమ్మం దగ్గర ఇద్దరున్నారు. ప్రొజెక్టరు దగ్గర మేస్త్రి ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు తిండీ నీడా ఇచ్చిన మనిషికి తను చేసిందేమిటో ఇంతమందిలో చెప్పడానికి ఆమెకు నోరు పెగల్లేదు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. తర్వాత ఎన్నిసార్లు వెతుక్కున్నా దొరకలేదు.

దగ్గరికెళ్లి పమిటతో అతని చెవులు తుడిచింది. "ఇంకోసారి వెయ్యనా?"

"వెయ్యి. కాళ్లయినా చూస్తాను."

వాళ్లని బయట కూర్చోమని పంపేసింది. రీలు వెనక్కి చుట్టడం అయ్యాక, వేసే ముందు, చెప్పేస్తాను. తిట్టనీ. ఇంట్లోంచి పొమ్మననీ. అతనికి వీపు పెట్టి నిలబడి ప్రొజెక్టరు చేతిపిడి తిప్పసాగింది. మాటలు కూడదీసుకుంటూ తిప్పింది. సంచిలో చేతులు, ఖాళీ చక్రం, దారపు కండె, అన్నీ వరసలో పెట్టుకుంది. ఫిల్ము కొస పటపటమని కొట్టుకుని ఆగింది.

"అన్నయ్యా, నీకొక మాట చెప్పాలి" అంటూ తిరిగింది.

అతని కళ్లు గోడ మీది దుప్పటి వైపే, బొమ్మ మొదలయ్యే చోటికే చూస్తున్నాయి, రెప్ప పడటం లేదు. దిండ్లు కాస్త పక్కకి జరిగాయి. ఆమె మంచం పట్టె మీద కూర్చుని, చెప్పాల్సిందంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. నేనే అన్నయ్యా అని మూడుసార్లు చెప్పింది. బయట కుర్చీ కిర్రుమంది, ఎవరూ లోపలికి రాలేదు.

బల్ల మీద రీలు మొదటికి చుట్టి ఉంది, ఒక్క చిక్కు లేకుండా, కొస విడిపోకుండా లోపలికి మడిచి.