చంపని నంబరు

మంగళవారం పొద్దున కౌంటీ జైలు నుంచి నియోమా టాకెట్‌కు ఫోన్ వచ్చింది. అవతల మనిషి లేడు, రికార్డు చేసిన గొంతు ఉంది. క్లింట్ టాకెట్ శుక్రవారం విడుదలవుతున్నాడని, విన్నట్టయితే ఒకటి నొక్కమని చెప్పింది. నియోమా ఒకటి నొక్కింది. తర్వాత బడి వంటింటికి వెళ్లి రోజూలాగే మూడు వందల మంది పిల్లలకు వండింది. సాయంత్రం వచ్చేటప్పుడు బుధవారానికీ శుక్రవారానికీ సెలవు అడిగింది.

క్లింట్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. ముప్పై నాలుగేళ్లు. మత్తుమందు అలవాటై తొమ్మిదేళ్లయింది. మార్చిలో కారు తాళాల కోసం వచ్చి, ఇవ్వనంటే ఆమె ఎడమ మణికట్టు మెలిపెట్టాడు. రెండు ఎముకలు విరిగాయి. లోపల రేకు పెట్టి ఆరు మరలు బిగించారు. అంతకు ముందు మూడుసార్లు ఆమె మెట్ల మీద పడ్డానని చెప్పింది. నాలుగోసారి కోర్టులో జరిగింది జరిగినట్టు చెప్పింది. క్లింట్‌కు ఎనిమిది నెలల శిక్ష పడింది. జైలు నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది నాలుగు పేజీలు, తప్పయిందని. రెండోది ఒక్క వాక్యం: మనం మాట్లాడుకోవాలి.

బుధవారం తొమ్మిదింటికి నియోమా మంచం పక్క సొరుగులోంచి భర్త పిస్తోలు తీసింది. హోబర్ట్ పోయి నాలుగేళ్లయినా అది అక్కడే ఉంది. నలభై ఐదు క్యాలిబర్. తువ్వాల్లో చుట్టి కారులో పెట్టుకుని వెర్లిన్ స్టాగ్ తుపాకుల కొట్టుకు బయల్దేరింది.

అమెరికాలోని ఆ ఓజార్క్ కొండల్లో క్యాలిబర్ అనే మాట కాగితాల మీద ఉంటుంది. నోట నంబరు అంటారు. నంబరు పెరిగితే తూటా లావు పెరుగుతుంది. ఒక్కో జంతువుకు ఒక్కో నంబరని అక్కడి పిల్లలకు ఎక్కాలకంటే ముందే వస్తుంది. ఉడుతకు ఇరవై రెండు. జింకకు ముప్పై-ముప్పై. ఉడుతను జింక తూటాతో కొడితే కూరకు మాంసం మిగలదు. జింకను ఉడుత తూటాతో కొడితే గాయంతో పారిపోతుంది. మొదటిది పిచ్చిపని, రెండోది పాపం. నియోమా తండ్రి అలా చెప్పేవాడు. ఆమె ఏడేళ్లప్పుడే ఇరవై రెండుతో ఉడుతను కొట్టింది.

మంగళవారం రాత్రంతా ఆమె ఆ రెండో మాట గురించే ఆలోచించింది. చిన్న నంబరు తగిలితే పారిపోతుంది. ఆమెకు కావలసింది అదే. నలభై ఐదు ఒక్కటి తగిలితే రెండోది అక్కర్లేదని హోబర్ట్ అనేవాడు. అందుకని ఆ పిస్తోలు ఇంట్లో ఉండకూడదు. దాన్ని ఇచ్చేసి చిన్నది తెచ్చుకోవాలి. క్లింట్ మీదికి వస్తే ఆగాలి, వెనక్కి తిరిగి వెళ్లిపోవాలి. బతికి ఉండాలి.

జింకల వేట మొదలై నాలుగు రోజులే అయింది కాబట్టి కొట్టులో పొయ్యి చుట్టూ మనుషులున్నారు. ఓటిస్, లెస్టర్ పొద్దున్నే వచ్చి కాఫీ పోసుకుని కూర్చునే ముసలివాళ్లు. ఇద్దరూ హోబర్ట్‌తో వేటకు వెళ్లినవాళ్లే. నియోమా తువ్వాలు విప్పి, ఇది ఇచ్చేసి చిన్నది తీసుకుంటానని చెప్పగానే ఓటిస్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"హోబర్ట్ పిస్తోలు ఇచ్చేస్తావా? నేను నలభై ఐదే ఎందుకు పెట్టుకుంటానో తెలుసా నియోమా? నలభై ఆరు ఎవడూ చెయ్యలేదు కాబట్టి."

"ఈ మాట నలభై ఆరోసారి చెప్పాడు. నమ్మకు," అన్నాడు లెస్టర్. "వీడు కోటు గుండీలు విప్పి అది బయటికి తీసేలోపు, వచ్చిన దొంగ ఇల్లంతా సర్దుకుని, కాఫీ కూడా తాగి పోతాడు."

తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలే మేలని, తూటా సన్నమైనా ఎక్కువ పడతాయని లెస్టర్ వాదం. ఎక్కువ తూటాలు గురి లేనివాళ్లకని ఓటిస్ జవాబు. ఆ వాదన ఇరవయ్యేళ్ల నాటిది. ఆమె చెయ్యి సంగతి గుర్తొచ్చి ఇద్దరూ కాస్త తగ్గారు. నలభై ఐదుకైనా తొమ్మిదికైనా తూటా ఎక్కాలంటే పైభాగాన్ని ఎడమ చేత్తో వెనక్కి లాగాలి. ఆ మణికట్టుతో అది కాదు. రివాల్వర్‌కు ఆ బాధ లేదు. ఓటిస్ లేచి అద్దాల బీరువాలో గులాబీ రంగు పిడి ఉన్న రివాల్వర్ చూపించాడు. అరచేతిలో ఇమిడిపోతుంది. కాఫీ కప్పు కంటే బరువుండదు.

"ఇది ఆడవాళ్లది. చిన్న చెయ్యి, చిన్న తుపాకీ. చిన్న దెబ్బ."

చిన్న దెబ్బ అన్న మాట నియోమా పట్టుకుంది. అది ఇమ్మంది.

వెర్లిన్ అప్పటిదాకా బల్ల వెనక నిలబడి వింటున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి, ఆ కొట్టు ముప్పై ఒక్క సంవత్సరాలుగా నడుపుతున్నాడు. కాల్చి చూడకుండా ఏదీ అమ్మడు. గులాబీ పిడిది, ఇంకో రెండు, చప్పుడు పడకుండా చెవులకు పెట్టుకునేవి తీసుకుని ఆమెను కొట్టు వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ కొండను తవ్వి మట్టికట్ట పోశారు. దాని ముందు చెక్కకు కాగితం పళ్లేలు మేకులతో కొట్టి ఉన్నాయి. ఏడు గజాల దగ్గర నేల మీద సున్నం గీత ఉంది.

గులాబీ పిడిది ఆమె ఒక్కసారే కాల్చింది. అది చేతిలో ఎగిరిపడింది. మరలు బిగించిన చోట నుంచి మోచేతి దాకా నొప్పి లాగింది. తూటా పళ్లేనికే కాదు, చెక్కకు కూడా తగల్లేదు.

"తుపాకీ ఎంత తేలికైతే అంత తంతుంది," అన్నాడు వెర్లిన్. "ఓటిస్ ఎప్పుడూ కాల్చలేదు దాన్ని. వాళ్లావిడకి కొనిచ్చాడు. ఆవిడ పిండి డబ్బాలో పడేసింది."

తర్వాత ఇరవై రెండు ఇచ్చాడు. నియోమా చెయ్యి దాన్ని గుర్తుపట్టింది. ఆరు తూటాలూ ఆవకాయ జాడీ మూతంత చోట పడ్డాయి. ఆమె తుపాకీని బల్ల మీద పెట్టి, ఇది చాలంది.

వెర్లిన్ దాన్ని తీసి పక్కకు జరిపాడు. అమ్మే ముందు అతను అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాడు. దేనికి? కొనేవాళ్లు జంతువు పేరు చెబుతారు. నియోమా ఇంటి కోసమంది. వెర్లిన్ మళ్లీ అడిగాడు, దేనికని. ఆమె మట్టికట్ట వైపు చూసింది.

"శుక్రవారం క్లింట్ వస్తున్నాడు."

వెర్లిన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. క్లింట్‌కు మొదటి తుపాకీ అమ్మింది అతనే. పదో పుట్టినరోజుకు హోబర్ట్ తీసుకొచ్చి కొనిపెట్టాడు. అదీ ఇరవై రెండే. వెర్లిన్ తమ ఇంటికొచ్చి ఉండమన్నాడు, పై గది ఖాళీగానే ఉందని, తన భార్య కూడా అదే అంటుందని చెప్పాడు. ఎన్నాళ్లని ఆమె అడిగింది. అతను, షెరీఫ్ ఆఫీసులో పోలీసులకు చెప్పావా అన్నాడు. చెప్పింది. క్లింట్ ఇంటికొచ్చాక ఫోన్ చెయ్యమన్నారు. అక్కడి నుంచి ఆమె ఇంటికి నలభై నిమిషాలు.

"అందుకే ఇది," అంది నియోమా. "చిన్నది తగిలితే పోతాడు కదా. పోతే చాలు."

"ఎక్కడికి పోతాడు?"

ఆమె ఇరవై రెండు కోసం మళ్లీ చెయ్యి చాపింది.

"మీ తమ్ముడు ఓసారి జింకను ఇరవై రెండుతో కొట్టాడు. గుర్తుందా?"

గుర్తుంది. ఆమెకు పదకొండు, తమ్ముడికి తొమ్మిది. జింక ఒక్క గెంతు వేసి, ఏమీ కానట్టు కంచె దాటిపోయింది. తండ్రి ఇద్దరినీ దాని వెంట నడిపించాడు. మొదటి రోజు రక్తపు చుక్కలు దొరికాయి. రెండో రోజు దొరకలేదు. మూడో రోజు రాబందులను చూసి వాగు పక్కకు వెళ్లారు. తండ్రి పార ఇచ్చి పూడ్చమన్నాడు. మంగళవారం రాత్రి ఆలోచనలో ఆ జింక కంచె దాటడం వరకే వచ్చింది. ఆ తర్వాతది రాలేదు.

"పారిపోవడమంటే బతకడం కాదు, నియోమా. చిన్నది కూడా చంపుతుంది, కాకపోతే ఆలస్యంగా. తగిలిన సంగతి వాడికి తెలియదు. మత్తులో ఉంటే అసలే తెలియదు. నీ మీదికి వచ్చి, నీ పని చూసి, అప్పుడు బయటికెళ్లి పడతాడు. ఇద్దరూ పోతారు. చంపని నంబరు నా దగ్గర లేదు. ఎవడి దగ్గరా లేదు. ఉంటే ముప్పై ఏళ్లలో ఎవరో ఒకరికి అమ్మేవాణ్ని."

నియోమా బల్ల అంచు పట్టుకుంది. మరి నేనేం చెయ్యాలని అడిగింది.

"ఏదీ కొనకుండా వెళ్లు. నేనేమీ అనుకోను. కొంటే మాత్రం మనిషిని ఆపేది కొను. తియ్యకుండా ఉండగలిగినంతసేపు తియ్యకు. తీశాక ఎదురుగా ఉన్నది క్లింట్ కాదనుకో. అలా అనుకోలేకపోతే ఇప్పుడే చెప్పు, అమ్మను."

అతను మూడోది ఆమె చేతిలో పెట్టాడు. ఉక్కు రివాల్వర్, ముప్పై ఎనిమిది, పాతది, గొట్టం నాలుగు అంగుళాలు. బరువుంది. ఆ బరువే తన్నుడును మింగుతుందని వెర్లిన్ చెప్పాడు. నియోమా కుడిచేత్తో ఎత్తి, ఎడమచేతిని ఊరికే కింద ఆనించింది. మణికట్టు నొప్పి పుట్టింది, కానీ ఓర్చుకోగలిగినంతే. ఆరింట్లో అయిదు పళ్లెంలో పడ్డాయి. పళ్లెం గుండె ఎత్తున ఉంది. ఆమె ఆ సంగతి అప్పుడే గమనించింది.

నియోమా అలా అనుకోలేననీ చెప్పలేదు, అనుకోగలననీ చెప్పలేదు. లోపలికి వెళ్లి కాగితాలు నింపింది. వెర్లిన్ చాలాసేపు ఆ కాగితాలు చూసి, తర్వాత ఆమె మీద కేసులేమైనా ఉన్నాయేమో కనుక్కోవాలి కాబట్టి ఫోన్ తీశాడు. హోబర్ట్ పిస్తోలు తువ్వాలుతో సహా అక్కడే ఉండిపోయింది. ఓటిస్ ఏం కొన్నావని అడిగాడు. ముప్పై ఎనిమిదని చెబితే, మా అమ్మ దగ్గరా అదే ఉండేదన్నాడు. లెస్టర్ లేచి ఆమె కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.

శుక్రవారం నియోమా తలుపు గడియ వేసి, దాని బయటున్న దోమతెర జాలీ తలుపుకు కొక్కెం కూడా పెట్టింది. చిక్కుళ్లు ఉడికించి, మొక్కజొన్న రొట్టె కాల్చింది. ఏప్రన్ జేబులో రివాల్వర్ పెట్టుకుంటే ఒకవైపు కిందికి లాగింది. పన్నెండూ పదికి క్లింట్ రోడ్డు మీద నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో కాగితం సంచీ ఉంది. మార్చిలో వేసుకున్న పల్చటి చొక్కాయే ఒంటి మీద ఉంది. సన్నబడ్డాడు. వరండా మెట్లెక్కి దోమతెర తలుపు లాగాడు. అది రాలేదు.

"అమ్మా."

నియోమా లోపలి తలుపు సగం తీసి, దోమతెర ఇవతల నిలబడింది. ఫోన్ ఎడమ చేతిలో ఉంది. ఇంట్లోకి రావద్దంది.

"తినడానికైనా?"

అక్కడికే తెస్తానంది. అతను మెట్ల దాకా వెనక్కి వెళ్లాకే కొక్కెం తీసి, పళ్లెం వరండా గచ్చు మీద పెట్టి, మళ్లీ వేసుకుని, కుడిచెయ్యి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. అతను మెట్టు మీద కూర్చుని తిన్నాడు. తలెత్తకుండా గబగబా తిన్నాడు. ఉత్తరంలో రాసిన మాట ఎత్తలేదు. ఆమే అడిగింది, ఏం మాట్లాడాలన్నావని. ఇప్పుడేం లేదన్నాడు. రొట్టెతో పళ్లెం తుడుస్తూ వెనక్కి తిరిగి చూశాడు. అతని చూపు ఏప్రన్ దగ్గర ఆగింది. ఏటవాలుగా లాగిన ఆ గుడ్డను చూసి బరువెంతో చెప్పగల మనుషులు ఆ కొండల్లో చాలామంది ఉన్నారు.

"నాన్నదా?"

"కాదు. అది ఇచ్చేశా."

"మరి ఏ నంబరు?"

ఆమె చెప్పింది.

క్లింట్ తల ఊపాడు. కొట్టులో పొయ్యి దగ్గర ఒకడు ఇంకొకడి తుపాకీ చూసి ఊపినట్టే ఊపాడు.

"ముప్పై ఎనిమిదైతే సరిపోతుంది. నీ చేతికి నలభై ఐదు ఆగదు."

లేచి పెరట్లో పంపు దగ్గర పళ్లెం కడిగాడు. వరండా కటకటాల మీద బోర్లించాడు. సంచీ తీసుకుని, వచ్చిన దారినే రోడ్డెక్కాడు. మలుపు దగ్గర ఓసారి ఆగాడు. చెట్లు ఆకులు రాల్చాయి కాబట్టి అతను ఆగడం ఆమెకు కనిపించింది. కాసేపటికి మలుపు తిరిగిపోయాడు. ఊళ్లోకి వెళ్లాడో, కొండ కిందనే ఎక్కడైనా ఆగాడో అక్కడి నుంచి కనిపించదు.

నియోమా తలుపు దగ్గరే నిలబడింది. పళ్లెం మీది నీళ్లు ఆరాయి. జేబులోంచి చెయ్యి తీయబోతే వేళ్లు వెంటనే తెరుచుకోలేదు. ఎడమ చేత్తో ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చింది.