రిపోర్టు వచ్చిన నంబరు

పల్లీలు వేయిస్తున్న రవళి ఫోన్‌కి పంజగుట్ట ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టు ప్రకారం, ఆమె భర్త మహిపాల్ రక్తంలో తెల్లకణాలు లక్షా పదివేలు ఉన్నాయి.

పదకొండు వేలు దాటకూడదని పక్కనే రాసి ఉంది. కింద ఒక్కటే వాక్యం: బ్లడ్ క్యాన్సర్ అనుమానం, వెంటనే నిపుణుణ్ని కలవండి. ఆ కింది వరస చూశాక ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. పదిహేను రోజుల కిందటి పరీక్షలో, తొంభై ఎనిమిది వేలు.

అంటే అతనికి రెండు వారాలుగా తెలుసు, అప్పటి రిపోర్టు ల్యాబ్‌కే పోయి తెచ్చుకున్నాడన్నమాట! ఆలస్యంగా వస్తే సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ అన్నదీ, ప్యాంటు వదులైతే డైటింగ్ అన్నదీ అబద్ధాలే. ఇంత జాగ్రత్తపడ్డ మనిషి ఎలా దొరికిపోయాడు? రవళికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గ్యాస్ బండకి, పాలవాడికి, పాప స్కూలు బస్సుకి, అత్తమ్మ షుగర్ మాత్రలకి, ఎవరు నంబరు అడిగినా మహిపాల్ నోట వచ్చేది పెళ్లాం నంబరే. "నాకు ఫ్యాక్టరీల ఫోన్లెత్తే టైముంటదా?" అనేవాడు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో రోజుకి వందమందికి జవాబు చెప్పే ఆమెకి మాత్రం బోలెడు టైము! చివరికి ప్రాణం మీదికొచ్చిన రహస్యాన్ని కూడా అలవాటుకొద్దీ ఆ నంబరుకే అప్పగించాడు.

కానీ ఎందుకు దాచాడు?

"చట్నీ అయిందా?" హాల్లోంచి అత్తగారు స్వరాజ్యం కేకేసింది.

రవళి పొయ్యి కట్టేసింది. "గీరోజు మీరు నూరుకోండి అత్తమ్మా."

స్నానం చేసి వచ్చిన మహిపాల్ ముందు ఫోన్ పెట్టింది. అతను భుజం మీది తువ్వాలుతో తల తుడుచుకుంటూనే తెర మీది అంకెలు చదివాడు.

"అంగీ తొడుక్కో. డాక్టర్ దగ్గరికి పోదాం."

డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చదివింది. "మెల్లగా పెరిగే రకంలా ఉంది. ఇంకో పరీక్ష చేస్తే వారంలో తేలిపోతుంది. అదే అయితే రోజూ మాత్ర వేసుకోవాలి. అలా వేసుకుంటూ ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు నా దగ్గరే చాలామంది ఉన్నారు."

రక్తం ఇచ్చి ఇద్దరూ బయటికొచ్చారు. మెట్రో మెట్ల దగ్గర రవళి ఆగింది.

"పరీక్షలున్నప్పుడల్లా నేనొస్త. నా కొలువు మాత్రం ఇడిచిపెట్ట. పొద్దటి వంట నువ్వు, అత్తమ్మ చూసుకోవాలె."

"సరే."

"ఇప్పుడు నిజం చెప్పు. నేను ఫికర్ పడతనని దాచినవా?"

అవునని ఉంటే సరిపోయేది. మహిపాల్ ఆమె మొహంలోకి చూడకుండా తల అడ్డంగా ఊపాడు.

"కాదు. పోయినేడు నీకు డెంగీ అయినప్పుడు, నూటమూడు జ్వరంల లేపి రొట్టెలు చేపిచ్చుకున్న. నువ్వు పండుకుంటే ఇల్లెట్ల నడుస్తదన్న. నేను మంచాన పడితే నువ్వు సుత నన్ను గట్లనే చూస్తవని భయపడి దాచిన, రవళీ."