డ్రిల్లు సారు నేల మీద కూర్చున్న రోజు

బీరమ్మ కింద కూర్చుని భర్త బూట్లకు లేసులు కడుతోంది. ఐలేశం ఎదురుగా ఉన్న గోడను చూస్తూ నిలబడ్డాడు. కిందికి చూద్దామన్నా అతని మెడ వంగదు. ముడి ఎలా పడిందో పాదానికే తెలియాలి. ఎడమ పాదానికి కొద్దిరోజులుగా ఆ ఎరుక కూడా తగ్గిపోయింది.

"గట్టిగున్నదా?" అని బీరమ్మ అడిగింది.

"మంచిగున్నది," అన్నాడు, ఏమీ తెలియకపోయినా.

ఐలేశానికి యాభై ఇంకా నిండలేదు. దూరం నుంచి చూసినవాళ్లకు కవాతులో బిగదీసుకుని నిలబడి, మళ్లీ సడలమని చెప్పేవాళ్లు లేక అలాగే ఉండిపోయిన మనిషిలా కనిపిస్తాడు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాలి. మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్లలో ఇది వింతేమీ కాదు. బావినీళ్ల గుణం అంటారు. చిన్నప్పుడు పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, నడివయసులో నడుము పట్టేస్తుంది, ఆ తర్వాత మెడ. సాగరు కట్ట పూర్తయితే కృష్ణ నీళ్లు వస్తాయని, అప్పుడు పిల్లల ఎముకలు నిలుస్తాయని ఊళ్లో ఆశగా చెప్పుకుంటున్నారు. కట్ట పనికి పోయినవాళ్లు మాత్రం, ఆ నీళ్లు ఇంత ఎత్తుకు ఎట్లా ఎక్కుతాయని తిరిగొచ్చి అడుగుతున్నారు.

ఒకప్పుడు అతను పరుగుకు పెట్టింది పేరు. గొర్రెల వెంట గుట్టల మీద పరిగెత్తి నేర్చిన పరుగు అది. నల్లగొండలో జరిగిన పోటీల్లో ఆ పరుగు చూసినవాళ్లెవరో అతణ్ని పట్నంలో డ్రిల్లు ట్రైనింగుకు పంపించారు. ట్రైనింగు పూర్తి చేసి, ఏరి కోరి ఈ ఊరి బడికే వచ్చాడు. మొదట్లో పిల్లలను చెరువుకట్ట దాకా ఉరికించేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ వరసలో వెనకబడేవాళ్లు ఎక్కువయ్యారు. ఆరేళ్లకే మోకాళ్లు లోపలికి వంగిపోయినవాళ్లు, నడిస్తే మోకాలికి మోకాలు రాసుకునేవాళ్లు. పరుగు పందెం పెట్టిన ప్రతిసారీ వాళ్లు అరుగు మీద కూర్చుని చూడడమే. ఒకరోజు ఆ పందేలు ఆపేశాడు. చిన్న తరగతులకు బంతి పట్టడం ఒక్కటే నేర్పడం మొదలుపెట్టాడు. నిలబడినచోటే నిలబడి ఆడే ఆట. కాళ్లు ఎలా ఉన్నా చేతులుంటే చాలు.

బంతులు కూడా తనే చేసుకునేవాడు. చిరిగిన గొంగడి పోగులు ఉండలా చుట్టి, పైన పాత గుడ్డ వేసి బీరమ్మ చేత కుట్టించేవాడు. తగిలినా దెబ్బ అనిపించదు.

నల్లగొండ దవాఖానలో డాక్టరు మొన్నటి ఎండాకాలంలోనే చెప్పాడు. వెన్నులో ఎముక పెరిగి నరాలను నొక్కుతోందని, తిమ్మిరి పైకి ఎక్కితే ప్రాణానికే ముప్పని, ఇక బడికి పోవడం మానుకోమని. ఐలేశం అన్నిటికీ సరేనని, మర్నాడు బడికి పోయాడు. హెడ్మాస్టరు బుచ్చయ్య మంచివాడు. డ్రిల్లు గంటలో తన కుర్చీ బయట వేయించి, కూర్చుని విజిల్ ఊదితే చాలునని చాలాసార్లు చెప్పాడు. ఐలేశం ఒక్కసారీ అందులో కూర్చోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం రెండో తరగతి పిల్లలు వేపచెట్టు దగ్గర గుండ్రంగా నిలబడ్డారు. అతను బంతి వేస్తే ఒక్కొక్కరూ పట్టి తిరిగి విసురుతున్నారు. కింద పడిన బంతిని తను వంగి తీయలేడు కాబట్టి పిల్లలే పోటీపడి తెచ్చిస్తారు. సోమమ్మ వంతు వచ్చేసరికి ఆట ఎప్పటిలాగే ఆగింది. గొర్రెలు కాసే కురుమ చెన్నయ్య కూతురు ఆమె. మోకాళ్లు లోపలికి తిరిగి, పాదాలు ఎడంగా పెట్టి నిలబడుతుంది. బంతి గాల్లోకి లేచిందో లేదో రెండు కళ్లూ మూసుకుని మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. బంతి భుజానికి తగిలి కింద పడుతుంది. పిల్లలు నవ్వుతారు. బడి తెరిచినప్పటి నుంచీ ఇదే వరస.

మళ్లీ వేశాడు. మళ్లీ పడింది. అప్పుడే చెన్నయ్య గోడ పక్క నుంచి వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర.

"సారూ, పిల్లను తోల్కపోత. కాళ్లు గిట్ల వంకరపోయినంక బడికొచ్చి ఏం జేస్తది? దొడ్డికాడ కూసోని గొర్రెపిల్లలను జూస్కుంటది."

సోమమ్మ అప్పటికే పలక తెచ్చుకోవడానికి లోపలికి కదిలింది. ఐలేశం ఒళ్లంతా తిప్పి చెన్నయ్య వైపు నిలబడ్డాడు.

"కాళ్లతోని పనేమున్నది చెన్నా? నాకున్నయా కాళ్లు? చేతులున్నయి గద. జరసేపు గా నీడల కూసో. తర్వాత నీ ఇష్టం."

చెన్నయ్యకు ఇష్టం లేకపోయినా సారు మాట తీసేయలేక కూర్చున్నాడు. పిల్ల సంగతి తనకు తెలిసినంత చెప్పాడు. నడక నేర్చే వయసులో పొట్టేలు పొడిచి పడేసిందట. అప్పటి నుంచీ ఏది మీదికి వచ్చినా కళ్లు మూసుకుంటుందట. అదేదో మామూలు సంగతన్నట్టు చెప్పాడు.

తన ఎత్తు నుంచి, వంగని ఒంటి నుంచి వెళ్లే బంతి ఆ పిల్లకు ఎలా కనిపిస్తుందో ఐలేశానికి ఇప్పుడు తోచింది. దగ్గరికి పోతే ఆమె మొహం తనకు కనిపించదు. దూరం జరిగితే బంతి పైనుంచి మీద పడుతుంది. ఇక ఒకటే దారి. అతను నేల మీద కూర్చుని రెండేళ్లు దాటింది. కూర్చుంటే లేవలేడని బీరమ్మ ఇంట్లో పీట కూడా తీసేసింది.

వేపచెట్టు మొద్దుకు వీపు ఆనించాడు. పాదాలు ముందుకు జరుపుతూ మెల్లగా కిందికి జారసాగాడు. బెరడుకు గీసుకుని చొక్కా చిరిగిన చప్పుడు పిల్లలకు వినిపించింది. సగంలో నడుము దగ్గర ఏదో పట్టేసింది. అతని మొహాన చెమట పోసింది, పెదవులు తెల్లబడ్డాయి. చెన్నయ్య లేచి రాబోతే చేత్తోనే వద్దన్నాడు. బుచ్చయ్య తరగతి వదిలి బయటికి వచ్చాడు.

"ఏందయ్యా ఈ పని? మల్ల లేస్తవా?"

"మీరున్నరు గద సారూ," అన్నాడు ఐలేశం, మిగిలిన సగమూ జారి నేలకు ఆనుతూ.

కాళ్లు బారచాపి కూర్చున్నాక సోమమ్మను పిలిచాడు. ఇప్పుడు ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆమె రెప్పలకు అంటిన దుమ్ము కూడా అతనికి కనిపించింది. మొదట బంతి ఆమె దోసిట్లో పెట్టాడు, తీసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. కొంచెం ఎడం చేసి జారవిడిచాడు. దానికీ ఆమె కళ్లు మూసుకుంది. బంతి వేళ్లకు తగిలి పక్కకు పోయింది. ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు.

బంతికి ఒకవైపు బీరమ్మ కుట్టిన ఎర్ర గుడ్డముక్క ఉంది. ఐలేశం దాన్ని పిల్ల మొహం ముందు పట్టుకుని తిప్పాడు.

"బంతిని పట్టకు బిడ్డా. పడితే పడనియ్యి. ఎర్రది ఎటు దిక్కున్నదో అది చెప్పు, చాలు."

విసిరాడు. కళ్లు మూసుకుంది. "చెప్పు," అన్నాడు. తెలియలేదంది. మళ్లీ విసిరాడు. మళ్లీ తెలియలేదు. అతను విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. బంతి తెచ్చిచ్చే పిల్లలు అలిసిపోయారు గానీ అతని చెయ్యి ఆగలేదు. వెన్నులో నొప్పి మెడ దాకా పాకుతున్నా ఆ చెయ్యి ఒకే ఎత్తున, ఒకే నెమ్మదితో లేస్తోంది. చాలాసేపటికి బంతి సోమమ్మ పొట్టకు తగిలి పడినప్పుడు ఆమె నోరు తెరిచింది.

"కిందికున్నది," అంది.

"ఆఁ. ఇప్పుడు?"

"నా దిక్కు."

"ఇప్పుడు?"

బంతి సోమమ్మ రెండు చేతుల మధ్య ఉంది. అది ఎలా వచ్చిందో తెలియనట్టు దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాతి రెండు బంతులూ జారవిడిచింది. ఆ తర్వాతిది పట్టింది. కళ్లు తెరిచే పట్టింది. పిల్లలు కేకలు వేశారు. ఐలేశం మాత్రం కొంచెం దూరం జరిగి నిలబడమని ఆమెకు చేత్తో చూపించాడు.

గంట కొట్టేదాకా అతను అలాగే కూర్చుని అందరికీ బంతి వేస్తూనే ఉన్నాడు. తర్వాత చెన్నయ్య, బుచ్చయ్య కలిసి లేపారు. గుంటలో దిగబడిన గొర్రెను లేపినంత జాగ్రత్తగా చెన్నయ్య అతని చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. నిలబడ్డాక కూడా కాసేపు వదల్లేదు. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. పిల్లను పంపిస్తాననీ అనలేదు, పంపననీ అనలేదు. పోతూ పోతూ ఆమె పలక కూడా చంకన పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దుగుంకింది. వీపు మీద చిరిగిన చొక్కా చూసి బీరమ్మ ఏమైందని అడిగింది. చెప్పాడు. ఆమె కోపం చేసింది, తర్వాత నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టింది. జొన్నరొట్టె సగం తిని పక్కన పెట్టాడు.

"కండ్లు తెరిచి పట్టిందే గా పిల్ల," అన్నాడు.

"రేపు వస్తదంటవా?"

"ఏమో. నేనైతే పోత."

తెల్లవారుజామున నీళ్లు కాచి అతణ్ని లేపడానికి వెళ్లింది బీరమ్మ. భుజం కింద చెయ్యి పెట్టి ఎత్తబోయి, చెయ్యి తీయకుండా అలాగే కూర్చుండిపోయింది. ఐలేశం నిద్రలోనే పోయాడు.

ఊళ్లోకి కబురు తొందరగానే పాకింది. బుచ్చయ్య బడికి తాళం వేసి పిల్లలను వెంటబెట్టుకుని ఐలేశం ఇంటికి పోయాడు. గుట్ట అవతలి గొర్రెల దొడ్ల దాకా ఆ కబురు పోలేదు. ఎండ ఎక్కాక చెన్నయ్య కూతురిని తీసుకుని, భుజాన చిన్న మూటతో బడికి వచ్చాడు. పిల్ల తల దువ్వి ఉంది, పలక కడిగి ఉంది. తాళం చూసి ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. నీళ్లకు పోతున్న ఆడమనిషి ఒకామె ఆగి సంగతి చెప్పింది. చెన్నయ్య తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, పిల్లను ఎత్తుకుని, సారు ఇంటి దారి పట్టాడు.

అతను తెచ్చిన మూట అరుగు మీదే ఉండిపోయింది. సారు బంతులకని పొద్దున కత్తిరించిన నల్ల ఉన్ని అది, ఏరకుండా వదిలేసిన పల్లేరుకాయలతో, ఇంకా గొర్రె వాసనతో.